ముద్రణ పేజీలో దొరికిన లెక్క

2020 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లాను. మా ప్రచురణకర్త స్టాలు పక్కన నిలబడి టీ తాగుతుంటే ఒక కాలేజీ అమ్మాయి నా రెండో కథల సంపుటి పట్టుకుని వచ్చి సంతకం పెట్టమని అడిగింది. అంతకుముందు నన్ను అలా అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ కంగారులో అట్ట తీసి ఒకటికి రెండు పేజీలు తిప్పేశాను. వెల, ప్రతులు దొరికే చోటు, ప్రెస్సు పేరు ఉండే పేజీ వచ్చింది. అక్కడ సన్న అక్షరాల్లో ఉంది: ప్రథమ ముద్రణ: డిసెంబరు 2016, ప్రతులు: 1000. దాని కింద ఇంకో వరుస: ద్వితీయ ముద్రణ: జులై 2018, ప్రతులు: 500.

నా పుస్తకం రెండోసారి అచ్చయిన సంగతి ఏడాదిన్నర తర్వాత, అదీ పాఠకురాలి పుస్తకంలో చూసి తెలుసుకున్నాను. ముందు సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. వెయ్యి కాపీలు అయిపోయి మళ్లీ వేశారంటే తెలుగులో కథల పుస్తకానికి అది పండగే. సంతకం పెట్టి, తేదీ వేసి, ఆ అమ్మాయి వెళ్లిపోయాక చల్లారిన టీ తాగుతూ ఉంటే రెండో ఆలోచన వచ్చింది. వెయ్యీ అయిపోతే నాకు డబ్బు ముట్టింది 412 కాపీలకే కదా, మిగతావి ఏమైనట్టు? స్టాల్లో ఉన్న అబ్బాయిని అడిగితే, "నాకు తెలియదు మేడమ్, సార్‌నే అడగాలి" అన్నాడు.

నేను నరసరావుపేటలో ఒక సహకార బ్యాంకులో క్యాషియర్ని. సాయంత్రం పది రూపాయలు తేడా వస్తే అది దొరికేదాకా మేమెవరం ఇంటికి కదలం. ఇరవై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని, సొంత పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. మొహమాటమే కారణం. మనలో రాసేవాళ్లు డబ్బు ఊసెత్తితే సరస్వతిని అంగట్లో పెట్టినట్టు చూస్తారు. రాయల్టీ అడిగిందట అని నలుగురూ అనుకుంటారేమోనన్న భయం నాకు గట్టిగానే ఉండేది.

మొదటి పుస్తకానికి ఈ బాధ లేదు. 2013లో సొంత డబ్బుతో వేసుకున్నాను. డెమ్మీ 1/8 సైజు, తొమ్మిది ఫారాలు, అంటే 144 పేజీలు, వెయ్యి కాపీలు. డీటీపీ, అట్ట బొమ్మ, బైండింగ్ అన్నీ కలిపి 38 వేలు అయింది. వెల 90 రూపాయలు పెట్టాను. కట్టకు 25 చొప్పున నలభై కట్టలు ఆటోలో వచ్చి మా వరండాలో దిగిన రోజు మా అత్తగారు, "ఇన్ని ఎవరు చదువుతారే?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. ఆ పుస్తకం ఎన్ని పోయాయో తెలియాలంటే అటక వైపు తలెత్తి కట్టలు లెక్కపెడితే చాలు. సమీక్షకు ఒక్కో పత్రికకు రెండేసి, స్నేహితులకు, బంధువులకు, ఆవిష్కరణ సభలో వేదిక మీది పెద్దలకు, ఇలా మూడు వందల దాకా ఊరికే పోయాయి. మూడు ఊళ్లలో మూడు దుకాణాలకు 40 శాతం కమిషన్ మీద 25 చొప్పున ఇచ్చి చలానాల మీద సంతకాలు తీసుకున్నాను. ఆ దుకాణాలకు మామూలు కొనుగోలుదారులా వెళ్లి, పక్కన ఉన్నవేవో తిరగేస్తున్నట్టు నటిస్తూ నా పుస్తకం వీపులు లెక్కపెట్టేదాన్ని. చేసినవాళ్లకు తెలుస్తుంది ఆ పని. ఎనిమిది నెలల తర్వాత ఒక దుకాణం నుంచి 1,134 రూపాయల చెక్కు వచ్చింది. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ మీద పెన్సిలుతో "21 × 54" అని రాసి ఉంది. 90లో వాళ్ల కమిషన్ పోగా 54. అంత శుభ్రమైన లెక్క నా సాహిత్య జీవితంలో మళ్లీ చూడలేదు. మిగతా రెండు దుకాణాల్లో ఒకటి మూతపడింది, ఇంకోటి ఇప్పటికీ "వచ్చే నెల చూద్దాం" అంటూనే ఉంది.

అందుకే రెండో సంపుటిని హైదరాబాదులో ఒక ప్రచురణకర్త తామే వేస్తామని అంటే ఎగిరి గంతేశాను. ఒప్పందం వాళ్ల లెటర్‌హెడ్ మీద అర పేజీ. అందులో నాకు గుర్తున్న వాక్యం ఒకటే: "అమ్ముడైన ప్రతులపై వెలలో 10 శాతం రాయల్టీ ఏడాదికోసారి చెల్లించబడును." పుస్తకం వెల 150, కాపీకి 15 రూపాయలు. శాతం చూశాను, సంతకం పెట్టాను. ఎన్ని కాపీలు వేస్తారో, మళ్లీ వేస్తే చెప్తారో లేదో, లెక్క ఏ నెలలో పంపుతారో, ఈ హక్కు వాళ్ల దగ్గర ఎన్నేళ్లు ఉంటుందో ఏదీ అందులో లేదు. బ్యాంకులో ఎవరైనా అలాంటి కాగితం తెస్తే నేనే తిప్పి పంపేదాన్ని.

2018 ఏప్రిల్‌లో మొదటి లెక్క వచ్చింది: అమ్మినవి 412, రాయల్టీ 6,180 రూపాయలు. స్వీటు డబ్బా కొని ఆఫీసులో పంచాను. 2019లో ఏమీ రాలేదు. అమ్ముడుపోలేదు కాబోలు అనుకున్నాను. పుస్తకం మీద నాకున్న నమ్మకం అంతే మరి.

విజయవాడ నుంచి వచ్చిన రాత్రి ప్రచురణకర్తకు ఒక ఉత్తరం రాశాను. తెల్లారి చదివితే తిట్ల దండకంలా ఉంది. చించేసి ఇంకోటి రాశాను, అది కన్నీళ్ల ఉత్తరం. అదీ చించేశాను. మూడోసారి బ్యాంకు మనిషిగా కూర్చుని ఐదు ప్రశ్నలు మాత్రమే రాశాను. మొత్తం ఎన్ని అచ్చు వేశారు? ఉచితంగా ఎన్ని ఇచ్చారు? పాడైనవి ఎన్ని? ఈ రోజు గోడౌన్‌లో ఎన్ని ఉన్నాయి? దుకాణాల దగ్గర ఎన్ని ఉన్నాయి? ఎన్ని అమ్మారు అన్నది అడగలేదు. కావాలనే అడగలేదు. అమ్మకం అనేది వాళ్లు చెప్పాల్సిన అంకె. అచ్చు వేసినవి, మిగిలినవి మాత్రం కళ్లకు కనిపించేవి. ప్రెస్సు బిల్లు ఉంటుంది, గోడౌన్‌లో కట్టలు ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అమ్మకం దానంతటదే బయటపడుతుంది.

రిజిస్టర్ పోస్టులో పంపాను. నాలుగో రోజు ఆయన ఫోను.

"ఏమ్మా, లాయరు నోటీసులా రిజిస్టర్ పోస్టు పంపారు? ఒక ఫోను చేస్తే సరిపోయేది కదా."

"ఫోనులో అంకెలు సరిగ్గా వినపడవు సార్."

ఆయన నవ్వారు. "అయితే ఒకసారి రండి. పుస్తకాలన్నీ ముందేసుకుని చూద్దాం."

ఫిబ్రవరిలో రెండో శనివారం బ్యాంకుకు సెలవు. ముందురోజు రాత్రి బస్సెక్కి పొద్దున్నే హైదరాబాదులో దిగాను. పాత ఇంటి కింది వాటాలో వాళ్ల ఆఫీసు, వెనక గది గోడౌను. ఏదో దాస్తారని సిద్ధపడి వెళ్లినదాన్ని, ఆయనే తాళం తీసి నన్ను లోపలికి పంపేసరికి కాస్త తగ్గాను. కొత్త పుస్తకాల జిగురు వాసన, మధ్యలో నాఫ్తలీన్ వాసన. అకౌంట్లు చూసే కుర్రాడు, నేను, చెరో వైపునుంచి లెక్కపెట్టాం. పదకొండు కట్టలు, విడివి పదిహేడు. మొత్తం 292. కింది వరుసలో ఒక కట్టకు వాన నీళ్లు తగిలి 12 కాపీలు ఉబ్బిపోయి అట్టకట్టుకున్నాయి. వాటిని చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంది.

తర్వాత చలానాల ఫైలు. ఏ ఊరి దుకాణానికి ఎన్ని ఇచ్చారు, ఎన్నింటికి డబ్బు వచ్చింది, ఎన్ని వెనక్కి వచ్చాయి. ఇదే మధ్యాహ్నం దాకా పట్టింది. దుకాణాల దగ్గర లెక్క తేలకుండా ఉన్నవి 186. సమీక్షలకు, ఆవిష్కరణకు, నాకు కలిపి ఉచితంగా ఇచ్చినవి 60. అచ్చు వేసినవి 1,500. అందులోంచి 60, 12, 292, 186 తీసేస్తే 950.

కుర్రాడు కంప్యూటర్లో చూసి, "మా దాంట్లో అమ్మకం 650 చూపిస్తోంది మేడమ్" అన్నాడు.

సరిగ్గా 300 తేడా. మా బ్యాంకులో ఇంత గుండ్రటి తేడా వస్తే దొంగతనం అనుకోం, ఏదో ఒక పద్దు వేరే చోట పడిందనుకుంటాం. అలాగే అయింది. 2018 వేసవిలో గ్రంథాలయాలకు 300 కాపీలు ఒకేసారి వెళ్లాయి. ఆ ఆర్డరు వల్లే గోడౌను ఖాళీ అయి రెండో ముద్రణ వేశారు. గ్రంథాలయాల బిల్లులన్నీ విడిగా ఒక ఖాతాలో రాస్తారట. రచయితల లెక్క తీసేటప్పుడు ఆ ఖాతా జోలికి ఎవరూ పోరు. మన ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడతాం కదా, 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున. ఆ డబ్బు మున్సిపాలిటీలు, పంచాయతీల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరి, బిల్లు పాసై, ప్రచురణకర్తకు వచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. నా పుస్తకాల డబ్బు ఆయనకు వచ్చిందే 2019 చివర్లో.

"డబ్బు చేతికి రాకుండా రాయల్టీ ఎలా ఇవ్వమంటారమ్మా?" అన్నారాయన.

అక్కడ పట్టుకున్నాం ఇద్దరం, 'అమ్ముడైన' అన్న ఒక్క మాట మీద. పుస్తకం గోడౌను దాటితే అమ్ముడైనట్టా? బిల్లు వేస్తేనా? డబ్బు వస్తేనా? దుకాణంలో ఏడాది కూర్చుని వెనక్కి వచ్చేది ఏ పద్దు? ఆయన దృష్టిలో డబ్బు వచ్చిందే అమ్మకం. నా దృష్టిలో పుస్తకం పాఠకుడి చేతిలో పడితే అమ్మకం. గంటసేపు మాట్లాడుకున్నాక నాకు అర్థమైంది, ఆ ఆఫీసులో ఏ రోజైనా సరే, నా పుస్తకాలు ఇన్ని అమ్ముడయ్యాయి అని చెప్పగల మనిషి లేడు. దాచిపెట్టడానికి కూడా ఆ అంకె ఎవరి దగ్గరా లేదు. మా దుకాణాల్లో చాలాచోట్ల ఇప్పటికీ చేత్తోనే బిల్లు రాస్తారు. ఇంగ్లీషు పుస్తకాలకు నీల్సన్ బుక్‌స్కాన్ లాంటివి పెద్ద దుకాణాల కౌంటర్లలో బార్‌కోడ్ చదివిన ప్రతిసారీ ఒకటి కలుపుకుంటూ పోతాయి. నా పుస్తకానికి బార్‌కోడే లేదు. ఆ బార్‌కోడ్‌కు ఆధారమైన ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. అయినా మొదటి పుస్తకానికి నేనే తీసుకోలేదు, ఎందుకులే అని. ఇతరులను అనే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

గ్రంథాలయాలకు 30 శాతం తగ్గించి ఇచ్చారు. నేను పూర్తి వెల మీద అడిగాను, ఆయన వచ్చిన డబ్బు మీద ఇస్తానన్నారు. ఒప్పందంలో 'వెలలో' అనే ఉంది కాబట్టి గట్టిగా పట్టుబడితే నాదే పైచేయి. కానీ తగ్గించకపోతే ఆ ఆర్డరే వచ్చేది కాదన్నది కూడా నిజం. ఆ 300కు 105 రూపాయల మీద పది శాతం, అంటే 3,150. ఆ 650లో ముందే డబ్బు ముట్టిన 412 పోగా మిగతా 238 కాపీలకు 15 చొప్పున 3,570. మొత్తం 6,720 రూపాయల చెక్కు మార్చి మొదట్లో పోస్టులో వచ్చింది. ఆ పదమూడు వందల యాభై వదులుకున్నందుకు మా వారు ఇప్పటికీ దెప్పుతుంటారు. చెప్పకుండా రెండో ముద్రణ ఎందుకు వేశారని మాత్రం భోజనాల దగ్గర సూటిగానే అడిగాను. "సంతోషిస్తారనుకున్నాను గానీ చెప్పాలని తట్టలేదమ్మా" అన్నారు. ఆ జవాబుకు ఎలా స్పందించాలో తెలియక మజ్జిగ పోసుకున్నాను.

తిరిగి వచ్చాక మా బ్యాంకు కేసులు చూసే లాయరు గారికి ఆ అర పేజీ ఒప్పందం చూపించాను. ఆయన చదివి, "నీకు తెలియకుండానే నీకు మేలు చేశారు" అన్నారు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు ఎన్నేళ్లకు ఇస్తున్నామో కాగితంలో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. రాయల్టీ ఎంతో మాత్రం తప్పనిసరిగా రాయాలి. అంటే 2016లో సంతకం పెట్టిన హక్కు 2021లో నా దగ్గరికి వచ్చేస్తుంది. ప్రచురణకర్త వదిలేసిన ఖాళీలను చట్టం రచయిత వైపు పూరించిందన్నమాట. ఈ సంగతి ఎంతమంది తెలుగు రచయితలకు తెలుసోనని నేను తర్వాత అడిగిన ప్రతి స్నేహితురాలూ "నిజమా?" అనే అంది.

పన్ను సంగతి ఒక్క ముక్కలో. ఏడాదికి 30 వేలు దాటితే రాయల్టీలో పది శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే పన్ను, పట్టుకునేవారు, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 50 వేలు అయింది. నాకు ఆ యోగం ఎన్నడూ పట్టలేదు. ఆదాయపు పన్ను చట్టంలో అప్పటి 80క్యూక్యూబీ సెక్షన్ కింద సాహిత్య పుస్తకాల రాయల్టీకి మూడు లక్షల దాకా మినహాయింపు ఉందనీ, ప్రచురణకర్త 10సీసీడీ ఫారం మీద సంతకం పెట్టాలనీ మా ఆడిటరుకు నేనే చెప్పాను. "ఆరు వేలకు ఫారమా అమ్మా?" అని నవ్వాడు. నేను నింపించాను. మూడు లక్షల గడిలో 6,720 రాస్తుంటే నాకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత లాక్‌డౌన్. ఖాళీగా ఉన్నామని మొదటి పుస్తకాన్ని ఈ-పుస్తకం చేయించాను. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో ఉన్న ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులన్నీ చెల్లాచెదురై, మళ్లీ మొదటి నుంచి ప్రూఫు దిద్దుకోవాల్సి వచ్చింది. అమ్మకాల లెక్క మాత్రం అక్కడ అద్దంలా కనిపిస్తుంది. ఏ రోజు ఎన్ని, ఏ దేశం నుంచి, నా వాటా ఎంత. మొదటి నెల 14. వాటిలో ఐదు అమెరికావి. ఉదయం లేవగానే పళ్లు తోముకోకుండానే ఫోను తీసి చూసేదాన్ని. రెండో నెల 3. మూడో నెల సున్నా. సున్నాను రోజూ చూడటం కంటే ఏడాదికోసారి చూడటం ఆరోగ్యానికి మంచిదని అప్పుడు తెలిసింది. నెలకోసారి మించి చూడనని ఒట్టు పెట్టుకుని, పదకొండు రోజులు నిలబెట్టుకున్నాను.

2021లో మూడో సంపుటి వచ్చింది. అదే ప్రచురణకర్త. ఎందుకు వాళ్ల దగ్గరికే వెళ్లావని అడిగారు కొందరు. గోడౌను తాళం తీసి ఇచ్చిన మనిషి మళ్లీ దొరకడని. ఈసారి ఒప్పందం నేనే రాసుకెళ్లాను, రెండు పేజీలు. ప్రతి ముద్రణకూ తేదీ, ప్రతుల సంఖ్య పుస్తకంలో అచ్చు వేయాలి, మళ్లీ వేసే ముందు నాకు చెప్పి పది కాపీలు పంపాలి. దీనికి ఎందుకు పట్టుబట్టానంటే, ఈమధ్య డిజిటల్ ప్రింటింగ్‌లో యాభయ్యో వందో అవసరమైనప్పుడల్లా వేసుకుంటూ కొన్ని పుస్తకాల్లో ఆ 'ప్రతులు' అన్న వరుసే ఎత్తేస్తున్నారు. నాకు నా లెక్క చెప్పింది ఆ వరుసే. గ్రంథాలయాల అమ్మకం మీద వచ్చిన డబ్బులో పది శాతం. ఈ-పుస్తకం, ఆడియో హక్కులు నా దగ్గరే. గడువు ఐదేళ్లు. సున్నా అయినా సరే, ఏటా ఏప్రిల్ 30 లోపు నేను ఉత్తరంలో అడిగిన ఆ ఐదు లెక్కలూ పంపాలి.

ఇక 'అమ్ముడైన' అన్న మాట. దుకాణానికి బిల్లు వేసిన రోజే అమ్మకం, వెనక్కి వస్తే తర్వాతి ఏడాది లెక్కలో తగ్గించుకోవచ్చు అని రాశాను. ఆయన దానికి వెంటనే ఒప్పుకున్నారు. నాకప్పుడే అనుమానం రావాల్సింది. ఏడాదికోసారి గోడౌన్‌లో నిల్వ చూసుకునే హక్కు అన్న చోట మాత్రం కలం ఆపారు.

"నమ్మకం లేదా అమ్మా?"

"మా మేనేజరు గారంటే నాకు చాలా నమ్మకం సార్. అయినా సాయంత్రం క్యాషు ఇద్దరం లెక్కపెట్టి, ఇద్దరి తాళాలూ వేస్తాం."

కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు.

నాలుగేళ్లుగా ఏప్రిల్‌లో లెక్క వస్తోంది. ఈమధ్య వాట్సాప్‌లో ఫొటో పెడుతున్నారు. 2025లో వచ్చినది చూసి ముందు అర్థం కాలేదు. బిల్లు వేసినవి 9, దుకాణాల నుంచి వెనక్కి వచ్చినవి 14. అమ్మకం గడిలో మైనస్ 5. వెల 180, కాపీకి 18 చొప్పున రాయల్టీ గడిలో మైనస్ 90 రూపాయలు. కింద ఆ కుర్రాడి చేతిరాత: "తదుపరి సంవత్సరానికి బదిలీ చేయడమైనది." మూడుసార్లు కూడి చూశాను, తప్పు లేదు. మా వారు ఫోను తీసి, "తొంభై రూపాయలు ఇప్పుడే పంపించేయనా?" అన్నారు.

వద్దన్నాను. ఫొటోను ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను.